పాత ట్రాక్టర్‌తో నారు నాటడం: వేగం తగ్గించాల్సింది క్లచ్‌తో కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. బెంగళూరు పక్కన హోస్కోటె దగ్గర నాలుగు ఎకరాల ఎర్రనేల కౌలుకు తీసుకుని క్యాబేజీ, టమాటా వేస్తున్నారు. ఎనిమిది ముందు గేర్లు, రెండు వెనుక గేర్లు ఉన్న 35 హెచ్‌పీ పాత ట్రాక్టర్ మీ దగ్గర ఉంది. వెనుక ఇద్దరు కూర్చుని చేత్తో నారు అందించే రెండు సాళ్ల నాటు యంత్రాన్ని పాతదే కొన్నారు. అతి చిన్న గేరులో నడిపినా నారు వేసేవాళ్లు అందుకోలేకపోతున్నారు, సాలులో అక్కడక్కడా మొక్కలు తప్పిపోతున్నాయి. సగం క్లచ్ మీద నడపవచ్చా, గేర్‌బాక్స్‌లో క్రీపర్ (బండిని మరీ నెమ్మదిగా నడిపే అదనపు గేర్లు) వేయించాలా, లేక బండినే మార్చాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీ పాత ట్రాక్టర్ ఈ పనికి సరిపోతుంది. లో ఫస్ట్ గేరులో, అంటే అతి చిన్న గేరులో పెట్టి, చేతి యాక్సిలరేటర్‌తో ఇంజన్‌ను 900 నుంచి 1000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) మధ్య నిలిపి, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసి నడపండి. సగం క్లచ్ మీద గానీ, బ్రేకు తొక్కిపట్టి గానీ ఒక్క సాలు కూడా నడపవద్దు. అప్పటికీ వేగం ఎక్కువైతే నారు అందించే పద్ధతిని మార్చండి. క్రీపర్ ఆలోచన ఆ తర్వాతిది. బండిని మార్చే అవసరం నాకు కనిపించడం లేదు.

కె.ఆర్.పురం దాటాక ఉన్న మా షెడ్డులో నేను చాలా ఏళ్లుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్నాను. హోస్కోటె, మాలూరు, చింతామణి వైపు మన తెలుగు రైతుల పొలాలకు నాటు యంత్రాన్ని అద్దెకు కూడా తీసుకెళ్తుంటాను. కింద రాసినదంతా ఆ పని నుంచి తెలిసినదే.

మొదట వేగం ఎంత ఉండాలో లెక్క వేసుకుందాం. చాలామంది ట్రాక్టర్ ఎంత నెమ్మదిగా పోగలదో చూసి, దానికి మనుషులు సర్దుకోవాలనుకుంటారు. లెక్క నారు వేసే చేతుల దగ్గర మొదలవ్వాలి. చేయి తిరిగిన మనిషి ట్రేలోంచి నారు తీసి యంత్రం గిన్నెలో వేయడం నిమిషానికి 40 మొక్కల దాకా ఆగకుండా చేయగలరు. కొత్తవాళ్లయితే 30 అనుకోండి. మొక్కకూ మొక్కకూ 45 సెం.మీ. దూరం పెట్టుకుంటే, 40 మొక్కలకు బండి నిమిషంలో 18 మీటర్లు పోవాలి, అంటే గంటకు 1.08 కి.మీ. కొత్తవాళ్ల చేతికి అది గంటకు 0.8 కి.మీ. మాత్రమే అవుతుంది. దూరం 60 సెం.మీ. అయితే అదే 40 మొక్కలకు 1.44 కి.మీ. వరకు పోవచ్చు. టమాటాకు ఇబ్బంది లేని వేగమే క్యాబేజీకి ఎక్కువ కావడానికి కారణం ఈ దూరమే.

ఇప్పుడు ట్రాక్టర్ వైపు చూద్దాం. మన ప్రాంతంలో తిరిగే 35, 40 హెచ్‌పీ పాత బండ్లు లో ఫస్ట్ గేరులో, ఇంజన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు సాధారణంగా గంటకు 2 నుంచి 3 కి.మీ. మధ్య పోతాయి. గేరు మారనప్పుడు బండి వేగం ఇంజన్ చుట్లను బట్టే ఉంటుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర 2.4 కి.మీ. పోయే బండి 1000 దగ్గర 1.2 కి.మీ., 900 దగ్గర 1.08 కి.మీ. పోతుంది. అంటే మీకు కావలసిన వేగం మీ బండిలోనే ఉంది, దానికోసం కొత్త గేర్లు అక్కర్లేదు.

అంత తక్కువ చుట్లలో ఇంజన్ లాగుతుందా అనే భయం చాలామందికి ఉంటుంది. దున్నకానికీ దీనికీ పోలిక లేదు. మెత్తగా రోటవేటర్ తిప్పిన నేలలో నాటు యంత్రం లాగుడు 300 కిలోల బలం అనుకున్నా, సెకనుకు 30 సెం.మీ. పోయే వేగంలో దానికి ఒకటిన్నర హెచ్‌పీ కూడా పట్టదు. టైర్లు మెత్తటి మట్టిలో తిరగడానికి అయ్యే శక్తిని కలిపినా, మీ ఇంజన్ 1000 ఆర్‌పీఎంలో ఇవ్వగలిగినదానిలో అది చిన్న భాగమే. బండి నిజంగా మూలుగుతూ నల్ల పొగ వదిలితే తప్పు ఇంజన్‌ది కాదు. గాడి తీసే షూ మరీ లోతుకు దిగి ఉంటుంది, లేదా దాని ముందు రాగి కొయ్యకాళ్లు పేరుకుని ఉంటాయి. రాగి కోసిన పొలంలో నాటేముందు ఆ కొయ్యకాళ్లను కలియదున్ని కుళ్లనివ్వకపోతే ఏ యంత్రమైనా పది గజాలకోసారి ఆగుతుంది.

మీ బండి అసలు వేగం కనుక్కోవడానికి మీటరు మీద ఆధారపడకండి, ఇంత పాత బండ్లలో దాని కేబుల్ చాలావరకు తెగిపోయే ఉంటుంది. నాటబోయే పొలంలోనే 20 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతండి. యంత్రాన్ని తగిలించి, నేలలోకి దింపి, బండి కదిలి నిలకడకు వచ్చాక మొదటి కర్ర దగ్గర ఫోన్‌లో గడియారం నొక్కండి. 20 మీటర్లకు 67 సెకన్లు పడితే 1.08 కి.మీ., 90 సెకన్లు పడితే 0.8 కి.మీ., 36 సెకన్లలోనే దాటిపోతే 2 కి.మీ. వేగం అన్నమాట. ఈ కొలతను రోడ్డు మీద తీయకండి. మెత్తటి నేలలో టైరు కొంత జారుతుంది కాబట్టి పొలంలో వేగం రోడ్డు మీదకంటే కాస్త తక్కువే వస్తుంది. కావలసిన సెకన్లు వచ్చిన చోట చేతి యాక్సిలరేటర్ పక్కన పెయింటుతో ఒక గీత పెట్టుకోండి. మరుసటి రోజు వెతుక్కునే పని ఉండదు.

చేతి యాక్సిలరేటర్ అని మళ్లీ మళ్లీ అనడానికి కారణం ఉంది. డీజిల్ పంపులో ఉండే గవర్నర్ మీరు లివర్‌తో నిర్ణయించిన చుట్లను తానే కాపాడుతుంది. నేల కొంచెం గట్టిపడితే డీజిల్ పెంచుతుంది, మెత్తబడితే తగ్గిస్తుంది. కాలితో నొక్కే పెడల్ మీద అయితే ప్రతి గతుకుకూ పాదం కదులుతుంది, వేగం మారుతూ ఉంటుంది, వెనుక కూర్చున్నవాళ్ల చేతుల లయ తప్పుతుంది. చాలా పాత బండ్లలో ఒక చిన్న లోపం ఉంటుంది. లివర్‌ను పట్టి ఉంచే రాపిడి బిళ్లలు అరిగిపోయి, అదురుకు లివర్ మెల్లగా వెనక్కి జారిపోతుంది. డ్రైవరు దాన్ని పదేపదే పైకి నెడుతుంటాడు. ఆ లివర్ మొదట్లో స్ప్రింగు, నట్టు ఉంటాయి, నట్టును ఒకటి రెండు మరలు బిగిస్తే చాలు. బిళ్లకు నూనె అంటి ఉంటే తుడిచి బిగించండి. చిన్న పనే అయినా నాటు పని నాణ్యత అక్కడే సగం బాగుపడటం నేను చాలాసార్లు చూశాను.

గవర్నర్ సరిగా ఉందో లేదో కూడా ముందే చూసుకోండి. బండిని నిలిపి, న్యూట్రల్‌లో 1000 ఆర్‌పీఎం దగ్గర వదిలి, ఒక నిమిషం శబ్దం వినండి. శబ్దం ఒకే తీరుగా ఉండాలి. పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంటే ఆ ఊపు పొలంలో మొక్కల మీద కనబడుతుంది. అలా ఊగడానికి మొదటి అనుమానం డీజిల్ లైనులోకి గాలి, ఆ తర్వాత మూసుకుపోయిన ఫిల్టరు, ఆ తర్వాత లివర్ నుంచి పంపు దాకా ఉన్న కడ్డీల కీళ్లలో వదులు. ఇవన్నీ చూశాకే పంపును విప్పించండి. మొదటే పంపును విప్పమనే మెకానిక్ మాట వినవద్దు.

ఇక సగం క్లచ్ సంగతి. ఇది చాలా పొలాల్లో మామూలుగా జరుగుతోంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఇంజన్ 1000 చుట్లు తిరుగుతూ, క్లచ్ జారడం వల్ల గేర్‌బాక్స్‌లోకి 500 చుట్లే వెళ్తున్నాయనుకోండి. క్లచ్ గుండా పోయే శక్తిలో సగం ప్లేటు మీద వేడిగా మారిపోతుంది. బండి కదిలేటప్పుడు రెండు మూడు సెకన్ల జారుడును తట్టుకోవడానికి చేసిన ప్లేటును గంటల తరబడి జార్చితే లైనింగ్ మాడుతుంది, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు పడతాయి, ప్రెషర్ ప్లేటు స్ప్రింగులు బలం కోల్పోతాయి. పెడల్ తొక్కినప్పుడల్లా ఒత్తిడి తీసుకునే రిలీజ్ బేరింగు కూడా కొద్ది సేపటి పనికే చేసినది. చిక్కబళ్లాపురం వైపు ఒక రైతు బంతి నారు నాటడానికి ఇలాగే నడిపి, ఆ సీజన్ మధ్యలోనే బండిని మా షెడ్డుకు తెచ్చారు. రెండు ముక్కలుగా విడదీసి చూస్తే ప్లేటు లైనింగ్ రివెట్ల దాకా అరిగి, రివెట్ తలలు ఫ్లైవీల్‌కు గాట్లు పెట్టేశాయి. ప్లేటుతోపాటు ఫ్లైవీల్‌ను కూడా లేత్ మీద చదును చేయించాల్సి వచ్చింది. నాటే అదును దాటిపోవడం వల్ల ఆయనకు కలిగిన నష్టం ఆ ఖర్చు కంటే పెద్దది.

డబుల్ క్లచ్ ఉన్న బండ్లలో పెడల్ సగం తొక్కడం వేరే విషయం, దాన్ని దీనితో కలపకండి. అక్కడ మొదటి సగంలో చక్రాలకు వెళ్లే శక్తి పూర్తిగా ఆగిపోయి, పీటీఓ (వెనుక తగిలించిన యంత్రాలను తిప్పే షాఫ్టు) మాత్రం తిరుగుతూ ఉంటుంది. బండిని ఆపడానికి అది సరైన పద్ధతే. జార్చి నడపడమే తప్పు.

బ్రేకు తొక్కిపట్టి నడపడం కూడా ఇదే కోవలోనిది. మీరు బ్రేకు వేస్తే గవర్నర్ బరువు పెరిగిందనుకుని డీజిల్ పెంచుతుంది. వేగం తగ్గకపోగా ఇంజన్, బ్రేకు ఒకదానితో ఒకటి పోరాడతాయి, ఖర్చయ్యేది మీ డీజిలూ మీ బ్రేకు లైనింగూ.

వేగం ఇంకా తగ్గాలంటే ముందు మనుషుల అమరికను మార్చండి. మాలూరు దగ్గర ఒక క్యాబేజీ పొలంలో బండి లో ఫస్ట్‌లోనూ 1.5 కి.మీ. కంటే తగ్గలేదు. అక్కడ ఒక్కో సాలుకు ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరు ఒక గిన్నెలో వేస్తే తర్వాతి గిన్నెలో రెండోవారు వేసేలా సర్దాము. చేయి తిరగని ఇద్దరైనా కలిసి నిమిషానికి 60 మొక్కలు వేయగలరు కాబట్టి 45 సెం.మీ. దూరానికి 1.6 కి.మీ. వరకు పోవచ్చు. నలుగురిని కూర్చోబెట్టడానికి యంత్రం చట్రంలో చోటు ఉండాలి, సీటును గట్టిగా వెల్డింగ్ చేయించాలి. చోటు లేకపోతే రెండు సాళ్లలో ఒకదాన్ని పైకి కట్టేసి, ఇద్దరూ ఒక్క సాలుకే అందించినా పని నడుస్తుంది, ఎకరాకు పట్టే కాలం మాత్రం పెరుగుతుంది. ఎంత మంది కూర్చున్నా గంటకు 2 కి.మీ. దాటనివ్వకండి. చేతులు అందుకున్నా, మొక్క నేలలో నిలిచే క్షణంలో ముందుకు లాగినట్టయి పక్కకు ఒరుగుతుంది.

క్రీపర్ గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మీ మోడల్‌కే కంపెనీ క్రీపర్ గేర్లను ఇచ్చి ఉండి, ఆ అసలు భాగాలు దొరికితే వేయించుకోవచ్చు. వాటితో బండి గంటకు అర కిలోమీటరు కంటే తక్కువకు కూడా దిగగలదు. ఈ అవసరం కొత్తది కాదు. ఇంగ్లండులో 1946 నుంచి 1956 దాకా తయారైన ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్లకు, రోటవేటర్ నడపడానికి వేగం మరీ ఎక్కువై, హోవర్డ్ వాళ్ల రిడక్షన్ గేర్‌బాక్స్‌ను విడిగా బిగించుకునేవారు. అది ఆ బండికి కొలత ప్రకారం చేసిన వస్తువు. మన దగ్గర లేత్ షాపుల్లో ఏదో ఒక జీపు గేర్‌బాక్స్‌ను మధ్యలో ఇరికించి క్రీపర్ చేసి ఇస్తామనేవారు ఉన్నారు. అది వద్దు. ట్రాక్టర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, ఇంజన్, గేర్‌బాక్స్, వెనుక యాక్సిల్ పెట్టెలే వెన్నెముక. మధ్యలో ఒక ముక్క చేర్చి షాఫ్టు వరస వెంట్రుకవాసి తప్పినా బేరింగులు, సీళ్లు వరుసగా పోతాయి, బరువు మోసే బోల్టుల దగ్గర పగుళ్లు వస్తాయి.

అసలైన క్రీపర్ ఉన్న బండిలోనూ ఒక జాగ్రత్త అవసరం. వేగం నాలుగో వంతుకు తగ్గితే యాక్సిల్ మీద పడగల తిప్పుడు బలం నాలుగు రెట్లు అవుతుంది. అప్పుడు ఇంజన్ ఆగిపోయేలోపే గేరు పళ్లు విరగవచ్చు. అందుకే క్రీపర్‌లో దున్నడం, చెట్ల మొదళ్లు లాగడం, బురదలో దిగబడిన ట్రాలీని లాగడం చేయకూడదు.

తక్కువ చుట్లలో గంటల తరబడి నడిపితే ఇంజన్‌కు ఏమీ కాదా అని కూడా మీకు అనుమానం రావచ్చు. ఐడిల్‌కు పైన కొంచెం చుట్లు ఉంచి, చల్లగా ఉండిపోకుండా చూసుకుంటే ఏమీ కాదు. డీజిల్ ఇంజన్ చల్లగా, బరువు లేకుండా ఎక్కువ సేపు తిరిగితే డీజిల్ పూర్తిగా మండక నాజిళ్ల కొనల మీద మసి పడుతుంది, సైలెన్సర్‌లో నల్లటి జిడ్డు చేరుతుంది. పాత బండ్లలో వేడెక్కుతోందని, ఇంజన్‌ను తగిన వేడిలో ఉంచే థర్మోస్టాట్‌ను తీసి పారేసే అలవాటు మన మెకానిక్‌లకు ఉంది. మీ బండిలో అది ఉందో లేదో చూసి, లేకపోతే వేయించండి. ఆయిల్ ప్రెషర్ దీపం వేడెక్కిన ఇంజన్‌లో 900 దగ్గర మిణుకుమంటే ముందు ఆయిల్ మట్టం చూడండి, అది సరిగానే ఉంటే బేరింగుల అరుగుదల పరీక్షించాకే పనికి దింపండి. నాటడం అయ్యాక మరుసటి పొలానికి రోటవేటర్ లాంటి బరువైన పని ఒక గంట చేయిస్తే పట్టిన మసి చాలావరకు కాలిపోతుంది.

యంత్రం అమరికలో రెండు విషయాలు చూడండి. మీ యంత్రానికి సొంత చక్రాలు ఉంటే లిఫ్ట్ లివర్‌ను పూర్తిగా కిందికి దించి, యంత్రాన్ని దాని చక్రాల మీదే తేలనివ్వండి. డ్రాఫ్ట్ లివర్ (లాగుడు బరువును బట్టి లిఫ్ట్‌ను తానే కదిలించేది) పనిచేస్తున్న స్థితిలో ఉంటే గట్టి నేల తగిలినప్పుడల్లా లిఫ్ట్ యంత్రాన్ని పైకి లాగుతుంది, ఆ చోట మొక్కలు వేళ్లు బయటపడి వాలిపోతాయి. పక్క చైన్లను బిగించి యంత్రం అటూ ఇటూ ఊగకుండా చేయండి. ఇంకొకటి, నీళ్లు పోసే పంపు పీటీఓతో నడిచేదైతే ఇంజన్ చుట్లు తగ్గినప్పుడు నీళ్లూ తగ్గుతాయి. దానికి బదులు డ్రమ్మును ఎత్తులో పెట్టి పైపుతో పారించుకోండి.

నారు గురించి క్లుప్తంగా. 98 గుంటల ప్రోట్రేలో కొబ్బరి పొట్టులో పెంచిన 25, 30 రోజుల నారు యంత్రానికి బాగా ఒదుగుతుంది. వేరు ముద్ద గుంటలోంచి విడిపోకుండా ఒక్క లాగుకు బయటికి రావాలి. ముద్ద విరిగే నారుతో నిమిషానికి 40 కాదు, 20 కూడా వేయలేరు, అప్పుడు ఎంత నెమ్మదిగా నడిపినా ఖాళీలు పడతాయి. అందుకే మొక్కలు తప్పిపోతున్నప్పుడు మొదట ట్రేను చూడమని అంటాను.

వెనుక కూర్చున్నవారి భద్రత మీ బాధ్యత. పాత బండ్లలో గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్ చాలావరకు పనిచేయదు. కాబట్టి ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉందని చూసుకున్నాకే మనుషులను కూర్చోనివ్వండి. సాలు చివర యంత్రాన్ని పైకి ఎత్తేముందు అందరూ దిగాలి. మనుషులు దిగినా, యంత్రం, ట్రేలు, నీళ్ల డ్రమ్ము బరువు వెనుక చేరితే ముందు చక్రాలు తేలికపడతాయి, ముందు బరువులు తగిలించకపోతే ఎత్తినప్పుడు స్టీరింగ్ పట్టు తప్పుతుంది. చీర కొంగు, చున్నీ నడుముకు బిగించి దోపుకోమని ప్రతి ఉదయం చెప్పండి, యంత్రం చైనుకు రేకు కవచం లేకపోతే వేయించే దాకా పని మొదలుపెట్టకండి. వెనుక నుంచి డ్రైవరుకు వినబడేలా ఒక సైకిల్ బెల్లు గానీ, హారన్ స్విచ్ గానీ అమర్చండి. ఇంజన్ శబ్దంలో కేక వినబడదు.

పనికి పట్టే కాలం కూడా అడిగారు. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 45 సెం.మీ. పెడితే ఎకరాకు సుమారు 15,000 మొక్కలు. ఇద్దరు నిమిషానికి చెరో 40 వేస్తే ఆగకుండా మూడు గంటల పని. మలుపులు, ట్రేలు మార్చడం, నీళ్లు నింపడం కలుపుకుంటే ఐదు గంటలు అనుకోండి. మధ్యాహ్నం ఎండలో నాటకుండా ఉదయం కొంత, సాయంత్రం కొంత చేస్తే ఒక ఎకరా ఒక రోజు పని.

బండి మార్చడం గురించి: నాలుగు ఎకరాల కౌలు కోసం క్రీపర్ ఉన్న కొత్త ట్రాక్టర్ కొనడం నాకు సమ్మతం కాదు. ముందు 20 మీటర్ల కొలత తీయండి. 1000 ఆర్‌పీఎంలో కూడా 45 సెకన్లలోపే దాటిపోతుంటే, సాలుకు ఇద్దరిని కూర్చోబెట్టినా కుదరకపోతుంటే, నాటే రోజుల వరకు మాత్రమే క్రీపర్ ఉన్న బండిని అద్దెకు తీసుకోండి. కృషి యంత్రధారె అద్దె కేంద్రాల్లోనూ, చుట్టుపక్కల పెద్ద రైతుల దగ్గరా ముందుగా అడిగి పెట్టుకోండి, నాట్ల అదునులో అడిగితే దొరకదు. కొలత తీశాక ఎన్ని సెకన్లు వచ్చిందో, మీ యంత్రంలో మొక్కల దూరాన్ని నిర్ణయించే పళ్లచక్రానికి ఎన్ని పళ్లు ఉన్నాయో రాస్తే, మీ బండికి సరిపడే అమరికను లెక్కగట్టి చెబుతాను.